ఇంటి వైఫైకి తాళం ఎంత గట్టిది?

2008 జులై 26 సాయంత్రం అహ్మదాబాద్‌లో వరుస బాంబు పేలుళ్లు జరిగాయి. వాటికి కొద్ది నిమిషాల ముందు కొన్ని వార్తా సంస్థలకు ఒక బెదిరింపు ఈమెయిల్ అందింది. అది వచ్చిన ఐపీ చిరునామాను పట్టుకుని వెళ్లిన పోలీసులు నవీ ముంబైలో ఒక ఇంటి తలుపు తట్టారు. ఆ ఇంటి వ్యక్తికి ఈమెయిల్‌తో సంబంధం లేదు. సరైన రక్షణ లేని అతని వైఫైని బయటివారు వాడుకున్నారు.

కంప్యూటర్‌కు వైఫై కలపడం ఇప్పుడు ఐదు నిమిషాల పని. తెరపై వైఫై గుర్తును నొక్కి, మన రౌటర్ పేరు ఎంచుకుని, పాస్‌వర్డ్ టైప్ చేస్తే సరి. పాత డెస్క్‌టాప్‌లో వైఫై లేకపోతే యూఎస్‌బీ అడాప్టర్ కొనుక్కోవాలి. దాన్ని వెనకవైపు గుచ్చితే క్యాబినెట్ ఇనుప రేకు సిగ్నల్‌కు అడ్డొస్తుంది. చిన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో బల్ల మీదికి తెచ్చుకుంటే మేలు. రౌటర్ వేరే గదిలో ఉంటే గోడలను కాస్త బాగా దాటే 2.4 గిగాహెర్ట్జ్, అదే గదిలో ఉంటే వేగం ఎక్కువైన 5 గిగాహెర్ట్జ్ ఎంచుకోవచ్చు.

అసలు సంగతి పాస్‌వర్డ్‌ది. ఎక్కువ ఇళ్లలో వాడే డబ్ల్యూపీఏ2 పద్ధతిలో కంప్యూటర్, రౌటర్ కలిసేటప్పుడు నాలుగు సందేశాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. పాస్‌వర్డ్ గాలిలోకి రాదు. కానీ ఆ సందేశాలను దగ్గర్లో ఉన్నవారెవరైనా రికార్డు చేసుకుని, తర్వాత తీరిగ్గా ఒక్కో పాస్‌వర్డ్‌ను ఊహిస్తూ సరిచూడవచ్చు. రౌటర్‌కు ఆ సంగతి తెలియను కూడా తెలియదు. ఈ ఊహలను నెమ్మదింపజేయడానికే ప్రతి పాస్‌వర్డ్‌పైనా ఒకే లెక్కను 4,096 సార్లు చేయాలన్న నియమం పెట్టారు. అయినా శక్తిమంతమైన గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే సెకనుకు 10 లక్షల పాస్‌వర్డ్‌లను పరీక్షించగలదు.

మన దగ్గర చాలామంది మొబైల్ నంబరునే పాస్‌వర్డ్‌గా పెడతారు. 6, 7, 8, 9తో మొదలయ్యే పదంకెల నంబర్లు మొత్తం 400 కోట్లు. పై వేగంతో అన్నిటినీ పరీక్షించడానికి గంటా ఏడు నిమిషాలు చాలు. ఆ నంబరు అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఉంటే అంత శ్రమ కూడా అక్కర్లేదు! అదే వరుసా వాడీ లేని 12 చిన్న ఇంగ్లిష్ అక్షరాలైతే అదే కార్డుకు సుమారు 3,000 ఏళ్లు పడుతుంది. గుర్తుండాలంటే పొంతన లేని నాలుగైదు తెలుగు మాటలను ఇంగ్లిష్ అక్షరాల్లో కలిపి రాసుకోవచ్చు. 63 అక్షరాల దాకా వీలుంది.

2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3లో రికార్డు చేసుకుని ఊహించే ఈ దారి మూసుకుపోయింది. ప్రతి ఊహనూ రౌటర్ ముందే పరీక్షించుకోవాలి. రౌటర్‌లో ఆ ఎంపిక ఉంటే అదే పెట్టాలి. 2001లోనే ఛేదించిన డబ్ల్యూఈపీని ముట్టుకోవద్దు. ఎనిమిదంకెల పిన్‌తో కలిపే డబ్ల్యూపీఎస్‌ను ఆపేయాలి. గరిష్ఠంగా 11,000 ప్రయత్నాలతో ఆ పిన్ దొరుకుతుందని 2011లో తేలింది.

ఈ మార్పులకు రౌటర్ అడుగున అతికించిన చీటీ చూడాలి. అందులోని చిరునామాను బ్రౌజర్‌లో కొడితే సెట్టింగుల పేజీ తెరుచుకుంటుంది. ఆ పేజీకి వేరే పాస్‌వర్డ్ ఉంటుంది, దాన్నీ మార్చాలి. కొత్త వైఫై పాస్‌వర్డ్ పెట్టగానే కంప్యూటర్, ఫోన్లు, టీవీ అన్నీ ఒక్కసారిగా తెగిపోతాయి. ఇంట్లో ఎవరికీ ఆన్‌లైన్ పరీక్ష లేని రోజు చూసుకుని మొదలుపెట్టడం మంచిది.