డార్ట్స్ ఆట: ప్రపంచపు పోటీకి త్రోవ ఎట్టిది?

గోడకు తగిలించిన గుండ్రని పలక, చేతిలో మూడు చిన్న బాణములు, నేలపై ఒక గీత: ఇంతకంటె సామగ్రి అక్కరలేని ఆట డార్ట్స్. ఇంగ్లండు దేశపు పానశాలలలో పెరిగిన ఈ ఆటకు నేడు పెక్కు దేశములవారు పాల్గొను ప్రపంచపు పోటీ జరుగుచున్నది. ఆ పోటీ ఎట్లు ఏర్పడినది, దూరదేశమున నున్నవాడు అందు ఆడుటకు ఎట్లు అర్హత సంపాదించును అను సంగతులను విద్యార్థులకును వారి తల్లిదండ్రులకును వివరింపదలచి ఈ వ్యాసమును వ్రాయుచున్నాము. ఆట చిన్నదే యైనను దాని ఏర్పాటు మనబోటివారు ఆలోచింపదగినది. సంఖ్యలో కొలదిమందియై, వేరొక భాషవారి నడుమ బ్రతుకువారికి పోటీ యను మాట వినగానే రెండు సందేహములు కలుగును. అచ్చటి కొలత అందరికిని ఒకటియేనా? లోనికి పోవుటకు మనకు త్రోవ కలదా? ఈ రెండు సందేహములును డార్ట్స్ ఆడువారికి కూడ కలిగినవి. వారు వానిని తీర్చుకొన్న విధమే ఈ వ్యాసమునకు విషయము.

మొదట ఆటను తెలిసికొందము. పలకను కిత్తనారతో చేయుదురు. నారపోగులను గట్టిగా అదిమి కట్టుటచే, బాణమును పెరికిన తరువాత రంధ్రము తనంతట పూడుకొనిపోవును. పలకపై ఇరువది భాగములు కలవు. వానికి 1 మొదలు 20 వరకు అంకెలున్నవి గాని అవి వరుసగా ఉండవు. అన్నిటికంటె పైన 20 ఉండును. దానికి ఒక ప్రక్క 1, రెండవ ప్రక్క 5. ఇరువదికి గురిపెట్టి కొంచెము తప్పినవానికి ఒకటియో ఐదో దక్కును. బయటి అంచున నున్న సన్నని వలయమున బాణము గ్రుచ్చుకొన్నచో ఆ అంకెకు రెట్టింపు, లోపలి సన్నని వలయమున గ్రుచ్చుకొన్నచో మూడింతలు లభించును. నడిబిందువునకు 50, దాని చుట్టునున్న చిన్న వలయమునకు 25. ఒక్కొక్క పర్యాయము మూడు బాణములు వేయవలెను. కావున ఒక పర్యాయమున గరిష్ఠముగా 180 పొందవచ్చును.

ఆటగాడు 501తో మొదలుపెట్టి, తాను పొందిన అంకెలను తీసివేయుచు సరిగా సున్నకు రావలెను. కడపటి బాణము రెట్టింపు వలయముననో నడిబిందువుననో గ్రుచ్చుకొనితీరవలెను. మిక్కిలి తక్కువగా తొమ్మిది బాణములతో ఆట ముగింపవచ్చును. రెండు పర్యాయములు 180 చొప్పున పొందినచో 141 మిగులును. పిమ్మట 20కి మూడింతలు, 19కి మూడింతలు, 12కు రెట్టింపు కొట్టినచో లెక్క పూర్తియగును. విద్యార్థులు దీనిని పలకపై వేసి సరిచూచుకొనవచ్చును. ఇట్టి ఒక ఆటకు లెగ్ అని పేరు. ప్రపంచపు పోటీలో మూడు లెగ్గులు ముందుగా గెలిచినవానికి ఒక సెట్ దక్కును.

ఇక కొలతల సంగతి. ఇంగ్లండులో పూర్వము ఒక్కొక్క ప్రాంతమున ఒక్కొక్క విధమైన పలక వాడుకలో నుండెను. మాంచెస్టరు పలక చిన్నది. దానిపై మూడింతల వలయము లేదు. యార్క్‌షైరు పలకకు కూడ ఆ వలయము లేదు. నిలుచుండి వేయు దూరము కొన్నిచోట్ల ఏడున్నర అడుగులు, కొన్నిచోట్ల ఎనిమిది అడుగులు. ఎవరి ఊరిలో వారే వీరులు. ఒక ఊరి వీరుడు మరియొక ఊరికి పోయినచో, ఓడినది తన చేయియో, కొత్తదైన దూరమో తేల్చి చెప్పుటకు వీలులేకుండెను. 1927లో న్యూస్ ఆఫ్ ది వరల్డ్ అను వార్తాపత్రిక లండను ప్రాంతమున పెద్ద పోటీని ప్రారంభించినది. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట అది దేశవ్యాప్తమైనది. ఒక పోటీ పెక్కు ప్రాంతములకు వ్యాపించుకొలదిని కొలత ఒకటి కావలసిన అవసరము హెచ్చినది.

1976లో ప్రపంచ డార్ట్స్ సమాఖ్య స్థాపితమైనది. తరువాత అంతర్జాతీయ పోటీలకు ఒకే దూరము స్థిరపడినది. పలక ముఖము నుండి గీత వరకు 7 అడుగుల 9¼ అంగుళములు, అనగా 2.37 మీటరులు. నేల నుండి నడిబిందువు వరకు ఎత్తు 5 అడుగుల 8 అంగుళములు, అనగా 1.73 మీటరులు. 1977లో ఆ సమాఖ్యవారి తొలి ప్రపంచ కప్పు పోటీ లండనులో జరిగినది. మరుసటి ఏట, అనగా 1978లో, బ్రిటిష్ డార్ట్స్ సంస్థ నాటింగ్‌హాము నగరమున తొలి ప్రపంచ వృత్తి ఆటగాండ్ర పోటీని నడిపినది. వేల్సుకు చెందిన లైటన్ రీస్, ఇంగ్లండుకు చెందిన జాన్ లోను 11–7తో ఓడించి తొలి విజేత యయ్యెను. నేడు చెన్నపట్టణమున గీసిన గీతయు, లండనులో గీసిన గీతయు పలకకు సమానదూరముననే యున్నవి. బీదవాడు ఇంటి గోడకు తగిలించుకొన్న పలకకును ఈ కొలతయే వర్తించును. మొదటి సందేహము ఇట్లు తీరినది.

అయినను కొలత కుదిరినంత మాత్రమున ఏర్పాటు కుదిరినట్లు కాదు. 1993లో ఆ కాలపు మేటి ఆటగాండ్రు పదునార్గురు పాత సంస్థతో విభేదించి వేరుపడిరి. టెలివిజనులో పోటీలు తగ్గిపోయినవనియు, ఆటగాండ్ర జీవనమునకు తగిన ప్రయత్నము జరుగుటలేదనియు వారి ఫిర్యాదు. 1994 నుండి రెండు ప్రపంచపు పోటీలు జరుగజొచ్చెను. ఏటేట ఒకే ఆటకు ఇద్దరు ప్రపంచ విజేతలు! వివాదము న్యాయస్థానమునకెక్కి 1997లో రాజీతో ముగిసినను పోటీలు మాత్రము రెండుగానే నిలిచినవి. కొత్తవారి సంస్థ ప్రొఫెషనల్ డార్ట్స్ కార్పొరేషన్ అను పేర నానాటికి బలపడినది. పాత బ్రిటిష్ సంస్థ 2020లో మూతపడినది. ప్రపంచ సమాఖ్య 2022 నుండి తన ప్రపంచపు పోటీని వేరుగా నడుపుచున్నది. నిర్వాహకులు ఆటగాండ్ర మాట వినకపోయినచో ఎంతటి సంస్థకైనను చీలిక తప్పదని ఈ చరిత్ర వలన తెలియుచున్నది.

నేడు మిక్కిలి పేరుపొందినది కార్పొరేషన్ వారి పోటీ. అది ప్రతి ఏట డిసెంబరున మొదలై జనవరి తొలిదినములలో లండనునందలి అలెగ్జాండ్రా ప్యాలెస్‌లో ముగియును. 2018 నుండి అందు 96 మంది ఆడుచుండగా, 2025 డిసెంబరున మొదలైన పోటీకి ఆ సంఖ్యను 128కి పెంచిరి. మొత్తము బహుమానము 50 లక్షల పౌనులు. అందు విజేతకు 10 లక్షలు. ఓడినవాడు తొలగిపోవు పద్ధతి గనుక 128 మందిలో ఒక్కడు మిగులుటకు 127 పందెములు, ఏడు చుట్లు కావలెను.

ఈ 128 స్థానములను మూడు త్రోవలుగా పంచియున్నారు. మొదటిది రెండేండ్ల సంపాదన త్రోవ. గడచిన రెండు సంవత్సరములలో ప్రధానమైన పోటీలయందు ఎక్కువ బహుమానము గెలిచిన మొదటి 40 మందికి స్థానము లభించును. రెండవది ఒక్క యేటి త్రోవ. ఆ సంవత్సరమున వృత్తి ఆటగాండ్ర పరంపరగా జరుగు పోటీలలోని సంపాదనను బట్టి, మొదటి జాబితాలో చేరని మరి 40 మందిని తీసికొందురు. ఈ పరంపరలో నిలకడగా ఆడుటకు టూర్ కార్డు అను అనుమతి ఉండవలెను. అట్టి కార్డులు 128 మాత్రమే. అవి లేనివారు జనవరిలో క్యూ స్కూల్ అను పేర జరుగు కఠినమైన అర్హతా పోటీలలో ఆడి సంపాదించుకొనవలెను. అట్లు గెలుచుకొన్న కార్డు రెండేండ్లు చెల్లును. ఆ గడువులో తగినంత సంపాదింపలేనివాడు మరల మొదటి మెట్టునకు రావలసినదే.

మూడవ త్రోవ మనకు ముఖ్యమైనది. మిగిలిన 48 స్థానములను వివిధ దేశముల, ఖండముల అర్హతా పోటీలలో నెగ్గినవారికి ఇచ్చిరి. ఆసియాలో, ఉత్తర అమెరికాలో, ఆస్ట్రేలియా ప్రాంతములో, ఉత్తర ఐరోపాలో జరుగు పోటీలును, స్త్రీల పోటీలును, యువకుల పోటీలును ఈ త్రోవలోనివే. మన భారతదేశమునకు కూడ దీనియందు చోటు లభించినది.

ఇచ్చట ఒక ఆక్షేపణ వినవచ్చును. "ఇంగ్లండులో నూరవ స్థానమున నున్నవాడు దూరదేశపు మొదటివానికంటె మంచి ఆటగాడు కావచ్చును. వానిని విడిచి వీనిని పిలుచుట న్యాయమా?" అని. ప్రశ్న నిర్లక్ష్యము చేయదగినది కాదు. మా అభిప్రాయము మాత్రము ఇది: పోటీకి ప్రపంచపు పోటీ యని పేరు పెట్టుకొన్నప్పుడు ప్రపంచమునకు త్రోవ చూపుటయు దాని ధర్మమే. దూరమున నున్నవానికి వారము వారము పెద్ద ఆటగాండ్రతో ఆడు అవకాశము లేదు. విమానపు టికెట్టు చౌక కాదు. అయితే త్రోవ ఇచ్చినవారు అంకెలను దానమిచ్చుట లేదు. లోనికి వచ్చిన పిమ్మట గీత అందరికిని ఒకటే, పలక ఒకటే, 501 ఒకటే.

ఇందుకు రెండు నిదర్శనములు చూపెదము. 2018లో కార్పొరేషన్ వారు స్త్రీలకు అర్హతా పోటీల ద్వారా రెండు స్థానములు కేటాయించిరి. ఇవి మర్యాదకు ఇచ్చిన స్థానములని పెదవి విరిచినవారు కలరు. మరుసటి ఏట, 2019 డిసెంబరు 17న, ఆ త్రోవను వచ్చిన ఫాలన్ షెరాక్ అను ఇంగ్లీషు యువతి టెడ్ ఎవెట్స్‌ను 3–2 సెట్లతో ఓడించినది. ఆ పోటీలో పురుషుని గెలిచిన తొలి స్త్రీ ఆమెయే. తరువాతి చుట్టులో ప్రపంచపు మేటి ఆటగాండ్రలో నొకడైన ఆస్ట్రియా దేశపు మెన్సూర్ సుల్యోవిచ్‌ను సైతము 3–1తో ఓడించినది. అంతటితో ఆక్షేపణ మూగవోయినది.

రెండవ నిదర్శనము మన దేశపుదే. భారతదేశపు ఆటగాడు నితిన్ కుమార్ 2018 డిసెంబరులో తొలిసారి ఈ పోటీలో ఆడి, తొలి చుట్టులోనే ఓడిపోయెను. మరల మరల అర్హత సంపాదించి వచ్చినను తొలి చుట్టు దాటలేకపోయెను. ఆయన విసుగు చెంది మానుకొనలేదు. 2025 డిసెంబరులో నెదర్లాండ్సు దేశపు రిచర్డ్ వీన్‌స్ట్రాను 3–2 సెట్లతో ఓడించి, ఈ పోటీలో ఒక పందెము గెలిచిన తొలి భారతీయుడయ్యెను. తరువాతి చుట్టులో ఆయన పయనము ముగిసినది. అయినను ఏడు సంవత్సరముల శ్రమకు ఫలితముగా ఆ ఒక్క గెలుపు చిన్నది కాదు. ఆ స్థానము ఈ యేడేండ్లలో తీసివేయబడి యున్నచో ఆ గెలుపే లేదు. ఆయన సాధన మానియున్నను లేదు.

పిల్లవాండ్రకు ఉత్సాహము కలిగించు సంగతి మరియొకటి కలదు. ఇంగ్లండు బాలుడు ల్యూక్ లిట్లర్ యువకుల పోటీల ద్వారా అర్హత పొంది, పదునారేండ్ల ప్రాయమున 2024 జనవరిలో అంతిమ పందెము వరకు వచ్చి ల్యూక్ హంఫ్రీస్ చేతిలో ఓడెను. మరుసటి జనవరిలో, పదునేడేండ్ల వయస్సున, మైకేల్ వాన్ గెర్వెన్‌ను 7–3తో ఓడించి ప్రపంచ విజేత యయ్యెను.

పానశాలలో పుట్టిన ఆట మన పిల్లలకేల యని తల్లిదండ్రులు అడుగవచ్చును. ఆట పుట్టిన చోటు వేరు, ఆట వేరు. పెద్ద పోటీలలో వేదికపై మద్యపానము నిషిద్ధము. పాఠశాలలో ఆడునప్పుడు దీనివలన కలుగు లాభము చేతికి నిలకడ, కంటికి గురి, బుద్ధికి తీసివేతల వేగము. ఒక్క హెచ్చరిక మాత్రము చేయుచున్నాము. బాణపు మొన ఉక్కుది. ఉపాధ్యాయుడు దగ్గర నుండగా తప్ప ఆడరాదు. ఒకరు వేయుచుండగా మరియొకరు పలక చెంతకు పోరాదు.

పాఠశాలలో పోటీ పెట్టదలచినవారు పైని ఏర్పాటునే చిన్నదిగా చేసికొనవచ్చును. ఆటగాండ్రు పదునార్గురైనచో నలుగురు చొప్పున నాలుగు జట్లు చేసి, ప్రతి జట్టులో ఒక్కొక్కరు మిగిలిన ముగ్గురితోను ఆడునట్లు ఏర్పరుపవలెను. జట్టునకు ఆరు పందెములు, మొత్తము ఇరువది నాలుగు. ప్రతి జట్టునుండి ఇద్దరిని పైకి పంపినచో ఎనమండుగురు మిగులుదురు. వారికి మరి ఏడు పందెములు చాలును. ఇందువలన తొలి పందెమున తడబడినవానికి కూడ మరల అవకాశము ఉండును. జట్ల పంపకము అందరి యెదుట చీట్లు తీసి చేయవలెను. గీతను అడుగుబద్దతో కాక టేపుతో కొలిచి, ఆ కొలతను అందరికిని చూపవలెను. లెక్క వ్రాయుటకు ఆడనివానిని నియమింపవలెను. క్రింది తరగతుల పిల్లలకును, బాలికలకును కొన్ని స్థానములు ముందుగానే ఉంచవలెను.

మన విద్యార్థులు జిల్లా పోటీలకు, రాష్ట్ర పోటీలకు పోవునప్పుడు అచ్చటి ప్రకటనలు మన భాషలో లేకపోవచ్చును. మన పాఠశాల పేరు పిలుచువారి నాలుకకు తిరుగకపోవచ్చును. నియమావళిని ముందుగా తెప్పించుకొని చదువుడు. అర్హతకు గడువెప్పుడో, దరఖాస్తు ఎవరికి పంపవలెనో తెలిసికొనుడు. మనకు చెందిన స్థానమున్నచో సంకోచింపక అడిగి తీసికొనుడు. ఆ పిమ్మట గీత వద్ద నిలిచినప్పుడు మీ చేతికి అక్కరకు వచ్చునది ఇంటివద్ద చేసిన సాధన యొక్కటియే.