ఇంటిదొంగను పట్టే సుద్దముక్క

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. గోడల్లో, నేలకింద, ట్యాంకుల్లో దాక్కుని నీళ్లు, కరెంటు, డబ్బు... మూడింటినీ ఒకేసారి కాజేసే ఇంటిదొంగ ఒకటుంది. పేరు లీకేజీ. దాన్ని పట్టడానికి కావాల్సింది ఓ కర్ర, ఓ సుద్దముక్క, కాస్త ఓపిక. టైల్స్ పగలగొట్టే ముందు ఆ ప్రయత్నం చేశారా మరి?

పడగ్గది గోడమీద మొదట అరచేయంత మరక. 'వానకు తడిసిందేమోలే' అనుకున్నారు. నెల తిరిగేసరికి అది చాపంత అయింది. రంగు బుడగలు లేచింది. వేలితో తాకితే పెచ్చు ఊడి చేతిలోకొచ్చింది. ఇక లాభం లేదని పై అంతస్తుకెళ్లి తలుపు తట్టారు.

'మీ బాత్రూమ్ లీకవుతున్నట్టుందండీ...'

'మా ఇంట్లో చుక్క కూడా కారడం లేదండీ. కావాలంటే వచ్చి చూసుకోండి!'

చూస్తే నిజమే. నేల పొడిగా ఉంది. కొళాయిలన్నీ గట్టిగానే ఉన్నాయి. మాటా మాటా పెరిగింది. పంచాయితీ అసోసియేషన్ ప్రెసిడెంటు దగ్గరికెళ్లింది. చివరికి మేస్త్రిని పిలిచి బాత్రూమ్ టైల్స్ పగలగొట్టించారు. నాలుగు రోజుల పని, వేలల్లో ఖర్చు. తీరా చూస్తే అక్కడేమీ లేదు. నీళ్లు కారుతున్నది అవతల వంటింటి సింకు పైపు నుంచి!

ఏ ఊళ్లో ఏ అపార్ట్‌మెంటుకెళ్లినా ఇలాంటి కథ ఒకటి వినిపిస్తుంది. విచిత్రమేంటంటే... ఇందులో ఎవరూ అబద్ధమాడలేదు. కింది వాళ్లకు నీళ్లొస్తున్న మాటా నిజమే, పై వాళ్లకు కనిపించని మాటా నిజమే. మరక ఉన్నచోటే లీకేజీ ఉండాలని రూలేం లేదు. కారిన నీరు శ్లాబు మీదుగా, పైపు వెంబడి, వైర్ల గొట్టాల్లోంచి పల్లం వెతుక్కుంటూ పోతుంది. ఎక్కడ సందు దొరికితే అక్కడ బయటపడుతుంది. అందుకే మరక అనేది దొంగ కాదు, దొంగ అడుగుజాడ. దాన్ని పట్టుకుని వెనక్కి వెళ్లాలి.

గోడ చెప్పే గుర్తులు

ఇల్లు ముందే చెబుతుంది. వినిపించుకోంది మనుషులే!

* పెయింటు బుడగలు రావడం, గోడకు తెల్లటి ఉప్పు పూయడం. సిమెంటులో, ఇటుకలో ఉన్న లవణాలను నీరు కరిగించి బయటికి తెస్తుంది. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మిగులుతుంది.

* బాత్రూమ్ గుమ్మం అడుగు ఉబ్బడం, దాని గోడకు ఆనుకున్న బీరువాలో బట్టలు ముక్కవాసన కొట్టడం, ఆ పక్కన చెదలు కనిపించడం.

* బయటి గోడమీద డ్రైనేజీ పైపు అతుకు దగ్గర నల్లగా పాచి, దాంట్లోంచి తలెత్తిన రావిమొక్క. మండువేసవిలో కూడా అది పచ్చగా ఉందంటే ఎవరో నీళ్లు పోస్తున్నట్టేగా!

* సొంతిల్లయితే ఆవరణలో ఒకేచోట ఎప్పుడూ ఆరని తడి, అక్కడ మాత్రమే ఏపుగా పెరిగే గడ్డి.

* ఆటోమేటిక్ స్విచ్చి ఉన్న మోటారు అర్ధరాత్రి రెండింటికి తనంతట తాను ఆన్ కావడం. ఆ వేళప్పుడు నీళ్లు వాడిందెవరు?

ఇవి చూసి చాలామంది చేసే పని... పుట్టీ పెట్టి, పైన రంగేయించడం. జ్వరం వస్తే థర్మామీటరు దాచేసినట్టే అది. లోపల నీరు పనిచేస్తూనే ఉంటుంది. శ్లాబులోని ఇనుప ఊచలకు తడి తగిలితే తుప్పు పడుతుంది. తుప్పు అసలు ఇనుముకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి కాంక్రీటు పగిలి పెచ్చులు రాలతాయి. మరక దశలో వాషరుతోనో, అతుకుతోనో పోయే పని... శ్లాబు రిపేరు దాకా వెళ్తుందన్నమాట.

ఏ నీరో తెలిస్తే సగం పనైనట్టే

మరక కనిపించగానే ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే. అది మంచినీటి పైపుదా, వాడిన నీటిదా, వాననీరా?

దీనికి క్యాలెండరు చాలు. మరక చుట్టూ పెన్సిలుతో గీత గీసి తేదీ వేయండి. వారం తర్వాత చూడండి. వానలప్పుడే పెరిగి ఎండాకాలం ఆరిపోతుంటే అది టెర్రస్ నుంచో, బయటి గోడ పగులు నుంచో వచ్చే వాననీరు. పొద్దున స్నానాలయ్యాక తడెక్కి సాయంత్రానికి తగ్గుతుంటే వాడిన నీటి లైనుది. ఊరెళ్లి నాలుగు రోజులు ఇల్లు తాళం వేసినా మరక అలాగే పెరుగుతుంటే... ఎప్పుడూ నీళ్లు నిండి ఉండే సరఫరా పైపుదే.

అసలు లీకేజీనే కాకపోవచ్చు కూడా. ఏసీ గది గోడల మీద గాల్లోని తేమే నీరుగా మారి పేరుకుంటుంది. తేల్చుకోవాలంటే మరకను గుడ్డతో తుడిచి, దానిమీద పాలిథిన్ కాగితం నాలుగువైపులా టేపుతో అతికించండి. ఒకట్రెండు రోజుల తర్వాత కాగితం లోపలివైపు తడుంటే నీరు గోడలోంచి వస్తోంది. పైవైపు తడుంటే అది గదిలోని తేమ.

ఒక జాగ్రత్త. తడి స్విచ్‌బోర్డు దాకా పాకితే పరీక్షలన్నీ పక్కన పెట్టి మెయిన్ ఆపేయండి. ముందు ఎలక్ట్రీషియన్... తర్వాతే ప్లంబరు.

రెండు రాత్రుల పరీక్ష

తెలుగు ఊళ్లలో చాలా ఇళ్లకు నీరు మూడు అంచెల్లో చేరుతుంది. వీధి పైపు నుంచి సంపుకు, సంపు నుంచి మోటారు ద్వారా పై ట్యాంకుకు, అక్కణ్నుంచి కొళాయికి. దొంగ ఏ అంచెలో ఉందో తేల్చడానికి రెండు రాత్రులు చాలు.

మొదటి రాత్రి: నీళ్లు రాని రోజు చూసుకోండి. పడుకోబోయే ముందు కొళాయిలన్నీ కట్టేసి, ఆటోమేటిక్ స్విచ్చితో సహా మోటారు ఆపేయండి. పొడి కర్రకు సుద్ద రాసి ట్యాంకులోకి నిలువుగా, అడుగు తగిలేదాకా దించండి. తడిసినంత మేర గీత పెట్టండి. సంపుకూ అలాగే మరో కర్ర. ఆ రాత్రి ఎవరూ నీళ్లు వాడకూడదు. ఫ్లష్ కూడా! తెల్లారి మళ్లీ దించి చూడండి.

రెండో రాత్రి: పై ట్యాంకులో నీరు తగ్గిందా? అయితే ఈసారి ట్యాంకు నుంచి ఇంట్లోకి దిగే పైపుల గేట్‌వాల్వులన్నీ మూసేసి అదే పరీక్ష చేయండి. ఇప్పుడూ తగ్గితే లోపం ట్యాంకుది. తగ్గకపోతే ఇంట్లోని పైపులదో, కొళాయిలదో, ఫ్లష్‌ట్యాంకుదో.

లెక్క కూడా కష్టమేం కాదు. అడ్డంగా మీటరు వెడల్పుండే గుండ్రటి ట్యాంకులో ఒక సెంటీమీటరు నీరు తగ్గిందంటే దాదాపు 8 లీటర్లు పోయినట్టు. ఎనిమిది గంటల్లో 3 సెంటీమీటర్లు తగ్గితే 24 లీటర్లు. అంటే గంటకు 3, రోజుకు 72, నెలకు 2,160 లీటర్లు! మురుగునీటి వ్యవస్థ ఉన్న నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు కావాలన్నది కేంద్ర ప్రభుత్వ ప్రమాణం. అందులో సగానికి పైగా... ఎవరి గొంతూ తడపకుండా పోతోందన్నమాట. హైదరాబాద్‌లో 2021 జనవరిలో ప్రారంభించిన ఉచిత నీటి పథకంలో ఇంటికి పెట్టిన పరిమితి నెలకు 20 వేల లీటర్లు. ఈ ఒక్క లీకేజీ అందులో పదోవంతు తినేస్తుంది. ఆ నీరేమో నాగార్జునసాగర్ నుంచి, ఎల్లంపల్లి నుంచి వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో ప్రయాణించి వచ్చింది. దాన్ని మళ్లీ పైకెక్కించిన మోటారు కరెంటు ఖర్చు అదనం. చిల్లికుండకు నీళ్లు మోయడమంటే ఇదే!

సంపుకు ముందున్న పైపు సంగతి తేల్చాలంటే నీళ్లొచ్చే వేళ సంపు దగ్గరి వాల్వు మూసేసి మీటరు చూడండి. అయినా తిరుగుతూనే ఉంటే మీటరుకూ సంపుకూ మధ్య నీరు పోతున్నట్టే. నీళ్లు రాగానే కాకుండా ఓ పది నిమిషాలాగి చూడాలి. మొదట్లో పైపులోని గాలికి కూడా మీటరు తిరుగుతుంది.

అపార్ట్‌మెంట్లలో ట్యాంకు అందరిదీ కాబట్టి ఈ పరీక్ష ఒక్కరివల్ల కాదు. ఫ్లాటుకో మీటరుంటే కొళాయిలన్నీ కట్టి రెండు గంటల తేడాతో రీడింగు చూస్తే చాలు. లేకపోతే ప్లంబరుతో ప్రెషర్ టెస్టు చేయించాలి. కొళాయిల చోట బిరడాలు బిగించి, చేతిపంపుతో పైపుల్లో ఒత్తిడి పెంచి, గేజి ముల్లు పడిపోతోందేమో చూస్తారు. ముల్లు నిలబడితే పైపులు నిర్దోషులు.

ఫ్లష్‌ట్యాంకులో నీలిమందు

చప్పుడు చేయకుండా నీళ్లు తాగేసేది ఫ్లష్‌ట్యాంకు. అడుగున ఉండే వాషరు అరిగితే కమోడ్ వెనక గోడ మీదుగా సన్నటి పొరలా నీరు జారిపోతూ ఉంటుంది. కంటికి కనిపించదు. ట్యాంకులో బట్టలకు పెట్టే నీలిమందు నాలుగు చుక్కలు వేసి, అరగంట ఫ్లష్ చేయకుండా వదిలేయండి. కమోడ్‌లోకి నీలం దిగితే దొంగ దొరికినట్టే. కొన్నిసార్లు బంతి మరీ పైకి బిగించి ఉండి, ఓవర్‌ఫ్లో గొట్టంలోంచి నీరు పోతుంటుంది. బంతి కాస్త కిందికి దించితే సరి.

కొళాయి చుక్కల్నీ చిన్నచూపు చూడొద్దు. కింద పావులీటరు గ్లాసు పెట్టండి. పావుగంటలో నిండితే రోజుకు 24 లీటర్లు!

బాత్రూమ్ నేలను అడగండి

చాలా అపార్ట్‌మెంట్లలో బాత్రూమ్ శ్లాబును కిందికి దించి కట్టి, పైపులు వేశాక ఇటుక ముక్కలతో నింపి టైల్స్ పరుస్తారు. టైల్స్ మధ్య అతుకులు పోతే స్నానం నీరు ఆ నింపుడులోకి దిగి, నెలల తరబడి అక్కడే నిలిచి ఉంటుంది. పైన పొడి, కింద చెరువు!

దీన్ని పట్టాలంటే... కింది ఇంటివాళ్లకు ముందే చెప్పండి. నీరు పోయే తూము నోటికి పాలిథిన్‌లో చుట్టిన గుడ్డ బిగించి, గుమ్మం దాటకుండా రెండంగుళాల లోపు నీరు నింపండి. మట్టం దగ్గర గీత పెట్టి ఒక రోజు వదిలేయండి. నీరు బాగా తగ్గినా, కింద తడి పెరిగినా లోపం నేలది. ఏమీ కాకపోతే గుడ్డ తీసి నీటిని ఒక్కసారిగా వదలండి. అప్పుడు కింద కారితే లోపం తూముది, దాని కింది పైపుది. నేలది అయితే చాలాసార్లు అతుకులు గీకి కొత్తగా నింపితే సరిపోతుంది. పగలగొట్టడం ఆఖరి మాట కావాలి.

బయటికే కాదు... లోపలికీ!

చిల్లుకు రెండువైపులా దారుంటుంది. పైపులో ఒత్తిడి ఉన్నంతసేపూ నీరు బయటికి పోతుంది. సరఫరా ఆగగానే పైపు ఖాళీ అయి, చుట్టూ ఉన్న మురికి లోపలికి లాక్కుంటుంది. రోజంతా నీరు రాని ఊళ్లలో ఇదే పెద్ద ప్రమాదం. వీధి పైపుకు నేరుగా మోటారు బిగిస్తే ఆ లాగుడు మరీ ఎక్కువ. హైదరాబాద్ భోలక్‌పూర్‌లో 2009 మేలో కలుషిత నీరు తాగి పలువురు ప్రాణాలు కోల్పోయారు. నీరు చెడిపోతే ఏమవుతుందో ఆ బస్తీ చూసింది.

అందుకే సుద్దకర్ర పరీక్షలో సంపు నీరు తగ్గిందా అన్నదే కాదు, పెరిగిందా అన్నదీ చూడాలి. నీళ్లు రాని రాత్రి సంపు మట్టం పెరిగితే సంబరపడకండి. పక్కనున్న మురుగు కాలువో, సెప్టిక్ ట్యాంకో అందులోకి ఊరుతూ ఉండొచ్చు. బాగుచేయించేదాకా ఆ నీరు తాగొద్దు, వంటకు వాడొద్దు. కామెర్లు, టైఫాయిడ్ వచ్చేది ఈ దారినే. చూద్దామని సంపులోకి మాత్రం దిగకండి. లోపల ఊపిరాడక ప్రాణాలు పోతాయి.

కొత్త ఫ్లాటా? హక్కుంది!

ఇల్లు కొని ఐదేళ్లు నిండకముందే ఇలాంటి లోపాలు బయటపడితే ఖర్చంతా నెత్తినేసుకోనక్కర్లేదు. 2016 నాటి రెరా చట్టం ప్రకారం స్వాధీనం చేసిన తేదీ నుంచి ఐదేళ్లలోపు నిర్మాణంలో, పనితనంలో లోపాలు బిల్డరు దృష్టికి తెస్తే, ఆయన 30 రోజుల్లో అదనపు డబ్బు తీసుకోకుండా బాగుచేయాలి. ఫిర్యాదు నోటిమాటగా కాదు, రాతపూర్వకంగా ఇవ్వండి. తేదీలు వేసిన ఆ పెన్సిలు గీతల ఫొటోలు అక్కడా అక్కరకొస్తాయి.

ఇంతకీ ఆ రెండు కుటుంబాల సంగతి... పై వాళ్లు ఒక్కరోజు సింకు వాడటం మానేసి, కింది వాళ్లు మరక చుట్టూ ఒక గీత గీసి ఉంటే టైల్స్ పగిలేవి కావు. మాటలూ పడేవి కావు. సింకు పైపు అతుకు మాత్రం గంటలో సరయ్యేది. ఈసారి గోడమీద మరక కనిపిస్తే పై ఇంటి తలుపు తట్టండి, తప్పులేదు. కాకపోతే చేతిలో ఫిర్యాదు బదులు సుద్దముక్క ఉండాలి. 'మీ ఇల్లు కారుతోంది' అనే బదులు 'ఇద్దరం కలిసి వెతుకుదామా అండీ?' అని అడగండి. దొంగ దొరుకుతుంది... పొరుగూ మిగులుతుంది!