ఆలస్యంగా తేలిన నీలం

ఏటీపీని కనిపెట్టింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావా, జర్మనీ శాస్త్రవేత్త కార్ల్ లోమానా అని ఇంటర్ బైపీసీ చదువుతున్న పాఠకురాలొకరు అడిగారు. ఇద్దరూ కనిపెట్టారు. 1929లో లోమాన్ ముందు ప్రకటించారు. ఆ ఏడే హార్వర్డ్ నుంచి సైరస్ ఫిస్కే, సుబ్బారావు విడిగా ప్రకటించారు. ఎవరు ఎన్ని వారాలు ముందన్న లెక్కలో లోమాన్‌దే పైచేయి, అది ఒప్పుకోవడానికి మనకు నామోషీ అక్కర్లేదు. ఎందుకంటే సుబ్బారావు గొప్పతనం ఏటీపీ మీద ఆధారపడి లేదు. అంతకు రెండేళ్ల ముందే, 1927లో, ఫిస్కేతో కలిసి ఆయన ఫాస్ఫోక్రియాటిన్‌ను పట్టుకున్నారు. అప్పటి జీవశాస్త్రం నమ్మిన ఒక పెద్ద సిద్ధాంతానికి బీటలు వారడం అక్కడే మొదలైంది. మన పాఠ్యపుస్తకాలు దాన్ని ఒక వాక్యంలో దాటేస్తాయి.

ముందు నాలుగు ముక్కల్లో అసలు సంగతి. కండరం ముడుచుకోవాలంటే ఏటీపీలోని మూడు ఫాస్ఫేట్లలో ఒకటి విడిపోవాలి, ఆ విడిపోవడంలోనే శక్తి వస్తుంది. అయితే కండరంలో ఏటీపీ నిల్వ చాలా తక్కువ. పూర్తి బలంతో పనిచేస్తే రెండు మూడు సెకన్లకు మించి రాదు. కబడ్డీలో కూతకు వెళ్లినవాడు పట్టు విడిపించుకుని గీత మీదికి దూకే ఆ కాసేపట్లో గ్లూకోజు నెమ్మదిగా కరిగి శక్తి ఇచ్చేదాకా కండరం ఆగలేదు. అప్పుడు ఫాస్ఫోక్రియాటిన్ తన ఫాస్ఫేటును ఇచ్చి, ఖర్చయిన ఏటీపీని అక్కడికక్కడే మళ్లీ తయారు చేస్తుంది. మడిలో నీరు తగ్గగానే పక్క బోదెలోంచి చేరినట్టు. ఆ బోదెను నింపే పెద్ద కాలువ మనం తినే తిండి.

ఇది ఇప్పుడు తేలిగ్గా చెప్పేస్తున్నాం. 1920లలో దీన్ని ఎవరూ అనుకోలేదు. అలసిన కప్ప కండరంలో లాక్టిక్ ఆమ్లం పోగవుతుందని ఫ్లెచర్, హాప్కిన్స్ 1907లోనే చూపించారు. ఆ ఆమ్లమే కండరాన్ని ముడుచుకునేలా చేస్తుందన్న అభిప్రాయం ఆ తరవాత గట్టిపడింది. ఈ రంగంలో పరిశోధనకు ఆర్చిబాల్డ్ హిల్, ఓటో మేయర్హాఫ్‌లకు 1922 నోబెల్ బహుమతి కూడా వచ్చింది. వాళ్ల కొలతలు తప్పు కావు. కండరం విడుదల చేసే వేడినీ, పోగయ్యే ఆమ్లాన్నీ ఎంతో జాగ్రత్తగా కొలిచారు. తప్పంతా వాటినుంచి తీసిన అర్థంలో ఉంది. పని జరిగాక మిగిలినదాన్ని పని చేయించినదిగా అనుకున్నారు.

సుబ్బారావు ఈ సిద్ధాంతాన్ని పడగొట్టాలని బయల్దేరలేదు. ఆయన, ఫిస్కే చేసింది భాస్వరాన్ని కొలిచే పద్ధతిని బాగుచేయడం. ద్రావణంలోని ఫాస్ఫేటుకు ఆమ్లంతో పాటు అమోనియం మాలిబ్డేట్ కలిపి, ఆపైన ఒక క్షయకరణి వేస్తే నీలిరంగు తేలుతుంది. ఫాస్ఫేటు ఎంత ఎక్కువుంటే రంగు అంత చిక్కన. తెలిసిన గాఢత ఉన్న ద్రావణాన్ని పక్కన పెట్టుకుని, రెండు రంగుల్నీ కలరిమీటర్‌లో పోల్చి చూస్తే లెక్క తేలుతుంది. క్షయకరణిగా అమైనోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లాన్ని ఎంచుకోవడంతో రంగు కొద్ది నిమిషాల్లోనే నిలకడగా వచ్చేది. 1925లో వెలువడిన ఈ ఫిస్కే–సుబ్బారావు పద్ధతి తర్వాత కొన్ని దశాబ్దాలపాటు ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో నడిచింది. అయితే అదే పద్ధతిని కండరంలోంచి తీసిన ద్రవానికి వాడినప్పుడు ఒక చిక్కు వచ్చింది. మామూలు ఫాస్ఫేటుకు చప్పున తేలే నీలం ఇక్కడ నింపాదిగా, నిమిషం నిమిషానికీ చిక్కబడుతూ పోయింది. చాలామంది అయితే రంగు స్థిరపడేదాకా ఆగి, ఆఖరి అంకె రాసుకుని లేచిపోయేవారు. వీళ్లు ఆ జాప్యాన్నే పట్టుకున్నారు. కొలిచే ఫాస్ఫేటు ముందే విడిగా ఉంటే రంగు ఒక్కసారే రావాలి. మెల్లగా వస్తోందంటే, ఫాస్ఫేటు మరో దేనికో అంటుకుని ఉండి, కుప్పెలోని ఆమ్లానికీ మాలిబ్డేటుకీ తట్టుకోలేక అప్పటికప్పుడు విడిపోతోందన్నమాట. కొలవడానికి వేసిన మందే కొలవాల్సిన పదార్థాన్ని విరగ్గొడుతోంది. కండరంలో స్వేచ్ఛగా ఉన్న ఫాస్ఫేటని అంతవరకూ అందరూ లెక్కకట్టినదాంట్లో పెద్ద వాటా ఇలా విరిగిపోయినదే. దాన్ని వేరుచేసి చూస్తే, ఒక క్రియాటిన్‌కు ఒక ఫాస్ఫేటు చొప్పున జతకూడిన పదార్థం అని తేలింది. పిల్లి కండరానికి ప్రేరణ ఇస్తే అది తగ్గింది, విశ్రాంతి ఇస్తే మళ్లీ పెరిగింది.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయమైనదే. ఇంగ్లండ్‌లో ఎగిల్టన్ దంపతులు కూడా అదే 1927లో కండరంలో ఇలాంటి అస్థిర ఫాస్ఫేటును గమనించి ఫాస్ఫాజెన్ అని పేరు పెట్టారు. వాళ్లకు రావాల్సిన పేరు వాళ్లకు రావాలి. కానీ అది ఏ పదార్థమో తేల్చి చెప్పింది హార్వర్డ్ జంట. 1930లో డెన్మార్క్‌కు చెందిన లుండ్స్‌గార్డ్, అయోడోఎసిటిక్ ఆమ్లమనే విషం ఎక్కించిన కండరం లాక్టిక్ ఆమ్లం చుక్క కూడా తయారు చేయకుండానే ముడుచుకుంటుందని, ఆ సమయంలో తరిగేది ఫాస్ఫోక్రియాటిన్ అని చూపించాడు. దాంతో పాత సిద్ధాంతం కూలింది. హిల్ ఆ ఓటమిని బాహాటంగా ఒప్పుకున్నారు. అది శాస్త్రవేత్త లక్షణం.

ఇదంతా జరిగిన దేశపు చరిత్రను కూడా మన పిల్లలు జీవశాస్త్రం పక్కనే చదవాలి. సుబ్బారావు 1922 అక్టోబరులో బోస్టన్ చేరారు. నాలుగు నెలలు తిరక్కుండానే, 1923 ఫిబ్రవరిలో, భగత్‌సింగ్ థింద్ కేసులో భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 1924 చట్టం వలసల తలుపును ఇంకా బిగించింది. 1946లో లూస్–సెల్లర్ చట్టం వచ్చేదాకా ఆ అడ్డు తొలగలేదు. రాత్రిపూట ఆసుపత్రిలో చాకిరీ చేస్తూ చదివి, రెండు కీలక అణువుల్ని వెలికితీసిన మనిషికి హార్వర్డ్ శాశ్వత పదవి ఇవ్వలేదు. దానికి చట్టమే కారణమని నేను అనను, రుజువు లేదు. అయితే ఆ దేశం ఆ రోజుల్లో ఆయనను తనవాడిగా లెక్కించలేదన్నది మాత్రం చట్టం పుస్తకంలోనే రాసి ఉంది. 1948లో అమెరికా పౌరుడు కాకుండానే కన్నుమూశారు.

1940లో లెడర్లీ కంపెనీకి వెళ్లాక ఆయన బృందం చేసిన ఫోలిక్ ఆమ్లం, ఆరియోమైసిన్, హెట్రజాన్ గురించి అందరూ రాస్తూనే ఉన్నారు. హెట్రజాన్ అంటే గోదావరి జిల్లాల్లో బోదకాలుకు ఇంటింటికీ పంచిన డీఈసీ మాత్రే, దాని విలువ మనకంటే బాగా ఎవరికి తెలుసు? కానీ మందుల జాబితా దగ్గరే ఆగిపోయి, ఆయన ఆలోచించిన తీరును వదిలేయడం నాకు బాధగా ఉంటుంది. భాస్వరం అంచనాకు కావలసిన రసాయనాలు, కలరిమీటరు డిగ్రీ కాలేజీల్లో దొరికేవే. భీమవరం, రాజమండ్రి అధ్యాపకులకు ఒక్క విన్నపం: ఈ ఏడు ప్రాక్టికల్స్‌లో ఈ ప్రయోగం చేయించండి. పిల్లల రికార్డులో ఫిస్కే పక్కన సుబ్బారావు పేరు కూడా పూర్తిగా రాయించండి.