ఆకాశంలో ఒరిగిన బోనం

మా లాల్‌దర్వాజాలో బోనమెత్తిన ఆడవాళ్లను చూసే ఉంటారు. కుండ ఒరిగితే చేత్తో సర్దుకుంటారు. కింద చుట్టబట్ట లేకపోతే చేతికి పని ఎక్కువ. ఇన్సాట్-1ఎ ఉపగ్రహానికి జరిగిందీ అలాంటిదేనండీ.

1975-76లో మన పల్లెలకు టీవీ బొమ్మలు చూపింది అమెరికావారి అరువు ఉపగ్రహం. ఏడాదికి గడువు తీరిపోయింది. ఆ తర్వాత మన ప్రభుత్వం సొంతానికి కొన్నది ఈ ఇన్సాట్. 1982 ఏప్రిల్ 10న పైకెళ్లింది.

36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉన్నా దాని ముఖం ఎప్పుడూ మనవైపే ఉండాలి. ఎండకు కూడా తోసే బలం ఉంటుంది. ఒకవైపున్న సౌరఫలకాన్ని ఎండ తోస్తే, ఒరిగిపోకుండా రెండోవైపు తెరచాప కాయాలి. అది విచ్చుకోనేలేదు! మాటిమాటికీ ఇంధనం వాడి సర్దుకోవలసి వచ్చింది. చివరకు గురి తప్పి, మిగిలిన ఇంధనమూ ఊడ్చుకుపోయింది. ఏడేళ్లు పనిచేయవలసినది సెప్టెంబరు 6న చేజారింది. ఆగస్టు 15న ఢిల్లీ జాతీయ కార్యక్రమం మొదలై అప్పటికి మూడు వారాలే.

డాబా మీద యాంటెన్నా తిరిగిపోతే పిల్లల్ని ఎక్కించి సరిచేయించేవాళ్లం. అంత ఎత్తుకు ఎవరెక్కుతారు చెప్పండి? 1983 ఆగస్టు 30న ఇన్సాట్-1బి వెళ్లింది. దాని సౌరఫలకమూ మొదట మొరాయించినా, చివరికి విచ్చుకుంది. ఆ తర్వాత పట్టణాల్లో ఇంటింటా టీవీ వెలిగిందంటే దాని చలవే.