తలుపు తట్టిన తరువాత

పరిటాల నుండి విజయవాడ ముప్పది కిలోమీటర్ల లోపు దూరమే. నందిగామ మీదుగా వచ్చు ఆర్టీసీ బస్సు ఎక్కినచో చాలును. పంటినొప్పికి, కంటిచూపునకు, పిల్లల చదువులకు ఆ దారిని పోనివారు అచ్చట అరుదు. కాని నిద్రపట్టక, అన్నము సహింపక, పుస్తకము తెరచినంతనే గుండె దడదడలాడుచున్న బిడ్డను వెంటబెట్టుకొని అదే బస్సు ఎక్కుటకు మాత్రము తల్లిదండ్రులు నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు ఏండ్ల తరబడి తటపటాయింతురు. "ఎక్కడికి వదినా, పొద్దున్నే బయలుదేరారు?" అని పొరుగింటావిడ అడిగినచో ఏమి చెప్పవలెనన్నదే పెద్ద చిక్కు.

ఈ లోపల ఇంటివారు ఊరక కూర్చుండరు. పరిటాలలో 2003లో వెలసిన 135 అడుగుల ఆంజనేయస్వామి విగ్రహము రహదారిన పోవువారి కందరకును కనబడునదే. ఆ స్వామికి ప్రదక్షిణములు చేయుదురు. వేదాద్రి నరసింహస్వామికి మ్రొక్కుకొందురు. గాలి సోకినదని ఒకరు, దిష్టి తగిలినదని మరియొకరు చెప్పగా తాయెత్తు కట్టింతురు. మ్రొక్కు వలన కలుగు ధైర్యమును నేను తక్కువచేయను. అయితే మ్రొక్కు తీరువరకు చికిత్స ఆగవలెనని ఏ దైవమును కోరలేదు గదా! బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015-16లో జరిపిన జాతీయ మానసికారోగ్య సర్వేలో, పెద్దవారిలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నట్లు తేలినది. సాధారణమైన రుగ్మతలు గలవారిలో నూటికి ఎనుబదియైదుగురికి చికిత్స అందుటలేదనియు ఆ సర్వేయే తెలిపినది.

ఉపాధ్యాయలోకమునకు ఈ విషయముతో ఇప్పుడు నేరుగా ప్రమేయమేర్పడినది. 2023లో విశాఖపట్టణమున నీట్ పరీక్షకు చదువుచుండిన పదునేడేండ్ల విద్యార్థిని మరణించెను. ఆ తండ్రి న్యాయస్థానములను ఆశ్రయించగా, ఆ వ్యాజ్యములో 2025 జూలై 25న సుప్రీముకోర్టు తీర్పు చెప్పుచు, నూరుగురు గాని అంతకు మించి గాని విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థయు శిక్షణ పొందిన కౌన్సెలరునో, మనస్తత్వ నిపుణునో, సాంఘిక కార్యకర్తనో నియమింపవలెనని ఆదేశించెను. కౌన్సెలరు లేనిచోట, ఉన్నను పిల్లవాడు అతనితో మాటలాడనిచోట, పిల్లవానిని బయటి చికిత్సకుని వద్దకు పంపుట మేలని తల్లిదండ్రులతో చెప్పవలసినవాడు ఉపాధ్యాయుడే యగును. "అక్కడ ఏం చేస్తారు, మాస్టారూ?" అని వారడుగుదురు. జవాబు చెప్పగలవారు మనలో కొద్దిమందియే.

మొదట బోర్డులను గూర్చి. మందులు వ్రాయువాడు సైకియాట్రిస్టు. ఆయన వైద్యవిద్య చదివినవాడు. మాటలతో చికిత్స చేయువాడు సైకాలజిస్టు. మందు వ్రాయుట ఆయన పని కాదు. క్లినికల్ సైకాలజిస్టు అనిపించుకొనుటకు భారత పునరావాస మండలి గుర్తించిన అర్హత ఉండవలెనని 2017 నాటి మానసిక ఆరోగ్యసంరక్షణ చట్టము నిర్వచించినది. ఇక "కౌన్సెలరు" అను మాట చాల వదులైనది; చక్కని శిక్షణ పొందినవారును, వారాంతపు తరగతిలో పత్రము సంపాదించినవారును ఒకే పేరుతో బోర్డు కట్టుచున్నారు. కావున "మీరేమి చదివినారు? ఎచ్చట శిక్షణ పొందినారు? ఈ వయసు పిల్లలతో పనిచేసినారా?" అని అడుగుట అమర్యాద కాదు. ఆ ప్రశ్నకు చిరాకుపడు వ్యక్తియొద్ద మనసు విప్పవలసిన పనియును లేదు.

తొలిసారి పోవువారు ఆసుపత్రిని ఊహించుకొని పోవుదురు. అచ్చట కనబడునది ఒక చిన్న గది, ఎదురెదురుగా రెండు కుర్చీలు. పేరు, వయస్సు, పూర్వము జరిగిన వైద్యము మొదలగునవి వ్రాసి సంతకము చేయుటకు ఒక పత్రమిత్తురు. పదునెనిమిది ఏండ్లు నిండనివానికి తల్లిదండ్రుల అంగీకారము కావలెను. సాధారణముగా నలుబదియైదు నిమిషములు మొదలు గంటలోపు కూర్చుండబెట్టుకొందురు. నాడి చూడరు, ప్రశ్నలడుగుదురు. నిద్ర ఎట్లున్నది? తెల్లవారుజామున మెలకువ వచ్చినచో ఏమి ఆలోచించెదవు? ఇంటిలో ఎవరెవరున్నారు? ఎవరితో చనువెక్కువ? ఇది ఎప్పటినుండి? జవాబులు వరుసగా, శుభ్రముగా రావలెనని నియమము లేదు. "తెలియదు" అనునదియు జవాబే. ఏడుపు వచ్చినచో రానిత్తురు. చాలమందికి ఆ మొదటి పావుగంట వైవా పరీక్షవలె తోచును. మార్కులు వేయువాడు అచ్చట లేడని నమ్మకము కుదురుటకు కొంత కాలము పట్టును.

ఒక ప్రశ్న మాత్రము తల్లిదండ్రులను ఉలికిపడజేయును. "చనిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా?" అని చికిత్సకుడు సూటిగా అడుగును. లేని ఆలోచనను తల కెక్కించుచున్నాడని కొందరు కోపింతురు. అది నిజము కాదు. ఆ ప్రశ్న అడిగినందువలన ఆ తలంపు పెరుగదని పరిశోధనలు తెలిపినవి. అడుగువారొకరు దొరికినారన్న ఊరట పలువురికి కలుగును. ఇది ఉపాధ్యాయులు జ్ఞాపకముంచుకొనదగిన విషయము.

కురుక్షేత్రమున శ్రీకృష్ణుడే తొలి కౌన్సెలరని సభలలో తరచు వినుచుందుము. వినుటకు సొంపైన పోలికయే గాని, చికిత్సకు పోవువానిని అది తప్పుదారి పట్టించును. అర్జునునకు అచ్చట కర్తవ్యము ఉపదేశింపబడినది. ఇచ్చట ఉపదేశముండదు. "ఇంజనీరింగు మానవలెనా, వద్దా?" అని పిల్లవాడడిగినచో చికిత్సకుడు తీర్పు చెప్పడు, ఆ ప్రశ్న అతనిని రాత్రులందు ఎట్లు పట్టి పీడించుచున్నదో, దానిలో తన భయమెంత, తండ్రి కోరిక ఎంత అని అతనిచేతనే విడదీయించును. ఇందులకే మొదటిసారి పోయివచ్చినవారు "డబ్బు తీసుకొని ఏమీ చెప్పలేదు" అని పెదవి విరచుట కద్దు. ఇరుగుపొరుగువారు, బంధువులు, మనము, అందరమును సలహాలు చెప్పియే యుందుము. సలహాలకు కొరత యుండిన వాడు ఆ గదివరకు రాడు.

మాటలవలన ఊరట కలుగుననుట మనకు క్రొత్త కాదు. చెప్పుకొన్న మానము, దాచుకొన్న ప్రాణము పోవునని సామెత. ఆ ఇరుకుననుండి బయటపడు దారి యొకటి 1880-82 మధ్య వియన్నాలో కనబడినది. జోసెఫ్ బ్రాయర్ అను వైద్యుడు ఒక యువతి చెప్పుకొనుచుండిన దానిని దినదినమును ఓపికగా వినెను. ఆ పద్ధతికి "మాటల చికిత్స" అని పేరు పెట్టినది రోగియే. ఆమె అసలు పేరు బెర్తా పాపెన్‌హైమ్. బ్రాయర్ వ్రాసినట్లు ఆమె అప్పుడే పూర్తిగా స్వస్థురాలు కాలేదు. తరువాత కోలుకొని, 1904లో జర్మనీలో యూదు స్త్రీల సంఘమును స్థాపించెను. నయమగుటకు పట్టు కాలమును గూర్చి బ్రాయర్ గ్రంథముకంటె ఆమె జీవితమే నిజము చెప్పుచున్నదని నా అభిప్రాయము. మన దేశమున 1922లోనే గిరీంద్రశేఖర బోస్ కలకత్తాలో మనోవిశ్లేషణ సంఘమును నెలకొల్పెను.

పల్లెనుండి పోవువానికి అన్నిటికంటె పెద్ద భయము రహస్యమును గూర్చినది. ఊరిలో తెలిసినచో రేపు పెండ్లి సంబంధమునకు అడ్డమగునేమో! 2018 మే 29న అమలులోనికి వచ్చిన పైన చెప్పిన చట్టము, 23వ సెక్షనులో, చికిత్స పొందువాని గోప్యతను హక్కుగా గుర్తించినది. ఈ హక్కునకు మినహాయింపులున్నవి. ప్రాణాపాయమును గాని, ఇతరులకు కలుగు హానిని గాని నివారింపవలసినపుడు, న్యాయస్థానము ఆదేశించినపుడు అవసరమైనంత మేరకు చెప్పవచ్చును. పిల్లలపై లైంగిక అత్యాచారము జరిగినట్లు తెలిసినచో 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము తెలియజేయక తప్పదు. మంచి చికిత్సకుడు ఈ హద్దులను మొదటి దినముననే పిల్లవానికిని, తల్లిదండ్రులకును కలిపి వివరించును. వివరింపనిచో మనమే అడుగవలెను.

చట్టము కాపాడలేని చోటు ఒకటి కలదు. అది తిరుగు బస్సు. "ఏమడిగారు? నా గురించి ఏం చెప్పావు?" అని తల్లి దారిపొడవున ఆరాతీసినచో మరుసటి వారము పిల్లవాడు ఆ గదిలో నోరు మెదపడు. మరునాడు బడిలో మాస్టారు పదిమందిలో "కౌన్సెలింగు ఎట్లున్నదిరా?" అని పలుకరించుట ఇంకను చేటు.

తొలి కూటమి పిమ్మట మనసు తేలికపడవచ్చును. మునుపటికంటె బరువెక్కుటయు కద్దు, పాత పుండు కదిలినది గనుక. చాలమంది అచ్చటనే మానివేయుదురు. సాధారణముగా వారమునకొకసారి రమ్మందురు. నడుమ ఇంటిపని యిత్తురు: నిద్రవేళలు వ్రాసిపెట్టుట, మానుకొన్న ఆటకు మరల రెండు సాయంకాలములు పోవుట వంటివి. ఇది చిన్నపని యని త్రోసివేయరాదు. గోవాలో వైద్యులు కాని సామాన్యులకు శిక్షణ యిచ్చి, దిగులువ్యాధి గలవారికి ఆరునుండి ఎనిమిదిసార్లు ఇట్టి పద్ధతితో చికిత్స చేయించగా, వట్టి మామూలు వైద్యము పొందినవారికంటె వారికి మేలు కనబడినదని 2017లో లాన్సెట్ పత్రిక ప్రకటించెను. జబ్బునుబట్టి అంతకంటె ఎక్కువ కాలము పట్టుటయు కలదు. మూడు నాలుగుసార్లు పోయినను ఆ మనిషితో మనసు కలియనిచో, ఆ మాట ఆయనతోనే చెప్పి వేరొకరిని చూచుకొనవచ్చును. చెప్పకుండ మాయమగుటకంటె ఇది మంచిది; మనసులోని మాట ఎదుటివానితో చెప్పుటకు అలవాటుపడుటయు చికిత్సలో భాగమే గదా!

ఫీజు సంగతి ఫోనులోనే తేల్చుకొనవలెను: ఒక్క కూటమికి ఎంత, రాలేనిచో ముందెప్పుడు చెప్పవలెను, వీడియోలో మాటలాడు వీలున్నదా యని. ప్రతివారము కూలిగాని, కొలువుగాని మానుకొని పోవుట భరింపలేనివారికి విజయవాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసికవైద్య విభాగమున్నది. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలీమానస్ సేవకు 14416 అను అంకెకు ఫోను చేసినచో ఏ వేళనైనను రూక ఖర్చు లేకుండ తెలుగులో మాటలాడవచ్చును. ఇంటరు ఫలితములు వెలువడుటకు పది దినములు ముందుగానే ఆ అయిదంకెలను నల్లబల్లపై ఒక మూలను వ్రాసి, తుడువవద్దని పిల్లలకు చెప్పి ఉంచవచ్చును.