పాత తోలు చేతిసంచుల శుభ్రత – మరమ్మతు

తోలుపని అనగానే మన గ్రామములలో పెద్దలకు గుర్తుకు వచ్చునవి కపిలబాన, ఎడ్ల మెడపట్టీలు, కిర్రుచెప్పులు. మోటబావులపై విద్యుత్తు పంపులు వచ్చిన తరువాత బానలు కుట్టించుకొనువారు లేకపోయిరి. మెడపట్టీల పని కూడ ట్రాక్టరుతో తగ్గినది. ఇప్పుడు పల్లెలకు వేరొక తోలు వస్తువు చేరుచున్నది. పట్టణములలో కొంతకాలము వాడి విడిచిన తోలు చేతిసంచులు సంతల ద్వారాను, బంధువుల ద్వారాను మన ఇండ్లకు వచ్చుచున్నవి. ఇరువది ముప్పది ఏండ్ల క్రిందటి ఈ సంచులలో కొన్నింటి తోలు నేడు అంగడిలో దొరకు చౌకసంచుల తోలుకంటె మేలైనది. వాటిని సరిగ బాగుచేసినచో ఇంకను పది పదునైదేండ్లు నిలుచును. మహిళాసంఘముల సభ్యులు, చదువుకొను బాలికలు వీనిని కొనుచున్నారు గనుక, ఈ విషయము పంచాయతీ సభ్యులకు కూడ తెలిసియుండుట మంచిదని మేము తలచుచున్నాము.

పాత సంచిని కొన్నవారు మొదట చేయు పని దానిని సబ్బునీటితో కడిగి ఎండలో ఆరవేయుట. అది మంచి ఉద్దేశముతో చేయుపనియే. కాని పాత సంచులు మురికివలన చెడుటకంటె ఈ శుభ్రతవలన చెడుటయే ఎక్కువ. ఏల చెడునో తెలియవలెనన్న తోలు ఎట్లు తయారగునో కొంత తెలిసికొనవలెను.

పచ్చిచర్మము తడిసిన కుళ్లును, ఎండిన కొయ్యవలె బిగిసిపోవును. దానిని కుళ్లకుండ, బిగియకుండ చేయుటయే పదునుపెట్టుట. మన దక్షిణదేశమున తరతరములుగ ఈ పనికి వాడినది తంగేడు చెక్క. బతుకమ్మలో పేర్చు పసుపుపచ్చని తంగేడుపూవు అందరు ఎరిగినదే. ఆ చెట్టు బెరడులోని వగరే చర్మమును తోలుగ మార్చును. కరక్కాయను కూడ దీనితో చేర్చి వాడుదురు. ఇట్లు పదునైన మేక, గొఱ్ఱె తోళ్లు మద్రాసు రేవునుండి ‘ఈస్టిండియా తోళ్లు’ అను పేర ఇంగ్లండునకు విరివిగ ఎగుమతి అయినవి. రెండవది క్రోము పదును. 1884లో అమెరికాలో అగస్టస్ షుల్జ్ దీనికి పేటెంటు పొందెను. 1903 ప్రాంతమున ఆల్‌ఫ్రెడ్ ఛాటర్టన్ మద్రాసులో ఈ పద్ధతిని ప్రయత్నించెను. నీటిలో నానినను చెడని బానలకు తగిన తోలు చేయుట ఆ ప్రయత్నముల ఉద్దేశములలో ఒకటి. కపిలబాన కొరకు మన ప్రాంతములకు వచ్చిన పద్ధతి నేడు లోకములోని చేతిసంచులలో హెచ్చుభాగమునకు ఆధారమైనది.

సంచి చేతికి రాగానే ఈ రెండింటిలో ఏ తోలో చూడవలెను. లోపలి కుట్టువద్ద గాని, పట్టీ చివర గాని కోసిన అంచును పరిశీలించినచో చెక్కపదును తోలు మందమంతయు గోధుమవర్ణముగ ఉండును; క్రోముతోలు నడుమ బూడిదరంగు, నీలిఛాయ కనిపించును. రంగు లోపలివరకు ఎక్కించిన తోలులో ఈ గుర్తు దొరకదు. అట్టిచో మరుగున ఉన్నచోట ఒక నీటిచుక్క పెట్టి చూడవలెను. నీరు వెంటనే ఇంకి మచ్చ నల్లబడినచో పైపూత లేని తోలు అని గ్రహింపవలెను. దానిపై తడిగుడ్డ కూడ పెట్టరాదు. అంచున తోలు పీచునకు బదులు గుడ్డదారములు కనిపించినచో అది రెక్సిను. పొట్టువలె రాలుచున్న రెక్సినునకు మందు లేదు. సంతలో అది తోలని చెప్పి అమ్మువారు కలరు గనుక కొనకముందే అంచు చూచుకొనవలెను.

ఇక సబ్బు మాట. తోలు స్వభావముచేత కొంచెము పులుపుగుణము, అనగా ఆమ్లగుణము కలది. బట్టల సబ్బు క్షారము. క్షారము తగిలినచో పదునుపెట్టిన వగరు కొంత సడలి, తోలు నల్లబడును, ఆరిన తరువాత పెళుసెక్కును. కుంకుడురసము క్షారము కాదుగదా అని కొందరు అడుగవచ్చును. నిజమే, పట్టుచీరకు అది మేలు చేయును. కాని నీరు నీరే. చెక్కపదును తోలు నీటిలో నానినపుడు అందులోని వగరు, రంగు కదలి అంచులవద్ద మచ్చలు కట్టును. వేడినీరు ఇంకను ప్రమాదము. ఈ తోలు సుమారు 70 మొదలు 85 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో ముడుచుకొనిపోవును. క్రోముతోలు సుమారు 100 డిగ్రీల వరకు తాళును. చెడిన పాతతోలు అంతకంటె చాల తక్కువ వేడికే ముడుచుకొనును. ఒకసారి ముడుచుకొన్న తోలును తిరిగి చాచుట ఎవరివల్లను కాదు.

అట్లయిన శుభ్రముచేయుట ఎట్లు? పొడిగ చేయవలెను. సంచిని ఖాళీచేసి, జేబులను బయటికి తిప్పి దులిపి, మెత్తని కుంచెతో కుట్టుల వెంబడి దుమ్ము తీయవలెను. సగము మురికి ఇక్కడనే పోవును. తరువాత మెత్తని పొడిగుడ్డతో తుడువవలెను. పైపూత గట్టిగ ఉన్న సంచికి మాత్రమే, నీటిలో ముంచి గట్టిగ పిండిన గుడ్డతో ఒక్కసారి తుడిచి వెంటనే పొడిగుడ్డతో అద్దవచ్చును. ఏది చేసినను మొదట అడుగుభాగమున చిటికెనవ్రేలి గోరంత చోట చేసి, ఆరనిచ్చి చూచిన పిమ్మటనే తక్కినచోట చేయవలెను. సిరామరకను పోగొట్టుటకు స్పిరిటు రుద్దువారు సిరాతోపాటు తోలురంగును కూడ పోగొట్టుకొనుచున్నారు. సిరా తోలులోనికి ఇంకిపోయినది. దానిని అట్లే ఉంచుట ఉత్తమము.

బొమ్మలు ఒత్తి, రంగులు దిద్దిన శాంతినికేతన్ సంచులు మన ఇండ్లలో చాలచోట్ల కలవు. 1922లో నెలకొన్న శ్రీనికేతన్ నుండి ఈ పని బెంగాలు గ్రామములకు వ్యాపించినది. 2007-08లో దీనికి భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ సంచులకు వాడునది మన దక్షిణపు చెక్కపదును మేకతోలు, గొఱ్ఱెతోలు. వాని రంగులు తడికి కదలును గనుక, ఎంత పాతబడినను పొడికుంచె తప్ప వేరేమియు తగిలింపరాదు.

చెక్కపదును తోలునకు ఒక పెద్ద వ్యాధి కలదు. ముట్టుకొన్నంతనే ఎఱ్ఱని పొడి చేతికి అంటును, పైపొర చిట్లి రాలును. దీనిని ఎఱ్ఱపొడి తెగులు అందము. బొగ్గుపొగలోను, డీజెలు పొగలోను ఉండు గంధకపు వాయువును తోలు పీల్చుకొని, అది లోపల గంధకికామ్లముగ మారి పీచును తినివేయుటయే దీని కారణము. తంగేడు చెక్క జాతి వగరు ఈ వాయువును హెచ్చుగ పట్టుకొనును. కరక్కాయ జాతి వగరు అంతగ చెడదు. పుస్తకముల అట్టలకు ఈస్టిండియా తోళ్లు ఎక్కువకాలము నిలువవని లండనులో ఏర్పడిన ఒక విచారణసంఘము 1905 నివేదికలోనే తేల్చినది. ఈ తెగులు పట్టిన సంచిని తిరిగి కొత్తది చేయుట సాధ్యము కాదు. దానికి నూనె పూసినచో పొడి ముద్దయై నల్లబడును, నీరు తగిలినచో అట్టవలె బిగియును. వస్తుప్రదర్శనశాలలలో ఆల్కహాలులో కరిగించిన ఒకవిధమైన సెల్యులోజు జిగురును పలుచగ ఎక్కించి పొడి రాలకుండ ఆపుదురు. అది తెలిసినవారు చేయవలసిన పని. ఇట్టి సంచి తాతగారిదో అమ్మమ్మగారిదో అయినచో గుడ్డలో చుట్టి దాచుకొనవచ్చును. సంతలో మాత్రము దీనికి ధర పెట్టరాదు.

నూనె విషయమున కూడ పొరపాటు అభిప్రాయము ప్రబలియున్నది. తోలు ఎండినది, నూనె త్రాగించవలెనందురు. చెప్పులకు ఆముదము రాచిన అలవాటు ఇందుకు మూలము కావచ్చును. బురదలోను, ముండ్లలోను తిరుగు చెప్పు వేరు, చీరప్రక్కన వ్రేలాడు సంచి వేరు. ఎక్కువైన నూనె తోలును సాగదీయును, దుమ్మును పట్టును, కొంతకాలమునకు మక్కువాసన వేయును. కొబ్బరినూనె చలికాలమున గడ్డకట్టి తోలుపై తెల్లని పొరగ కనిపించును. దానిని బూజని భ్రమించి మరల కడుగుదురు. పైపూత చెదరని సంచికి పలుచని తేనెమైనపు పాలిషు చాలును. రంగు బూటుపాలిషు పనికిరాదు; అది మొదటి చెమటకే బట్టలకు అంటును.

నిజమైన బూజు పట్టినచో సంచిని ఇంటిలో దులుపరాదు. ముక్కునకు గుడ్డ కట్టుకొని, ఆరుబయట, గాలి వీచు దిక్కునకు కుంచెతో దులిపి, నీడలో రెండుమూడు దినములు గాలికి ఉంచవలెను. తీవ్రమైన ఎండలో పెట్టిన తోలు వెలిసి పగులును. వాసన పోవుటకు లోపల పాత వార్తాపత్రికలు కుక్కి రెండుదినముల కొకసారి మార్చవచ్చును, లేక గుడ్డలో మూటకట్టిన బొగ్గు ఉంచవచ్చును. కలరా ఉండలు వేయు అలవాటు మానవలెను. ఆ ఆవిరి పసిపిల్లలకు హాని. కొందరు శిశువులకు పుట్టుకతో ఉండు రక్తలోపమువలన అది ప్రాణాపాయమునకు కూడ దారితీయును.

ఇత్తడి బకిళ్లచుట్టు ఆకుపచ్చని మైనమువంటి పదార్థము చేరుట పాత సంచులలో సాధారణము. తోలులోని కొవ్వు ఇత్తడిలోని రాగితో కలిసి అది ఏర్పడును. చీపురుపుల్ల కొనతో నెమ్మదిగ గీకి, పొడిగుడ్డతో తుడిచిన చాలును. చింతపండు బిందెలకు మంచిది. ఇక్కడ దాని పులుసు తోలులోనికి దిగి మచ్చచేయును.

ఇంతవరకు చెప్పినది ఇంటివారు చేసికొనగల పని. ఊడిన కుట్టు, తెగిన పట్టీ, విరిగిన బకిలు చర్మకారుని పని. మంచి పనివాడు పాత రంధ్రములలోనే ఆరె దూర్చి, మైనము పట్టించిన దారముతో రెండు సూదులను ఎదురెదురుగ నడిపి కుట్టును. అట్టి కుట్టులో ఒక పోగు తెగినను రెండవది నిలుచును. యంత్రముపై కుట్టినచో కొత్త రంధ్రములు పడి, పాతతోలు చిల్లుల వెంబడి చినుగును. ఈ తేడా తెలిసినవారు ఊరిలో ఒకరిద్దరే మిగిలియుందురు, వారును వృద్ధులై యుందురు. అరగంట కూర్చుండి చేసిన కుట్టునకు చెప్పు మేకు కొట్టినంత కూలియే ఇచ్చుచున్నచో వారి కుమారులు ఆరె పట్టుకొందురని ఆశించుట న్యాయము కాదు. కొన్నిచోట్ల తోలుపని చేసిన చేతినుండి వస్తువు అందుకొనుటకు సంకోచించువారు ఇంకను ఉన్నారు. రాజ్యాంగపు 17వ అధికరణము అస్పృశ్యతను నిషేధించినది. ఆ చేతితో కుట్టిన సంచిని భుజమున వేసికొని తిరుగుచు, ఆ చేతిని దూరముంచుటలో ఏమి శుభ్రత కలదో మాకు బోధపడదు.

పంచాయతీకి ఇందు నేరుగ సంబంధించిన పని ఒకటి కలదు. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమై 2027-28 వరకు ఉద్దేశింపబడిన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకమునందలి 18 వృత్తులలో చర్మకారుల వృత్తి చేరియున్నది. నమోదైనవారికి శిక్షణకాలమున దినమునకు 500 రూపాయల భత్యము, పనిముట్లకు 15,000 రూపాయల వరకు సహాయము, 5 శాతము వడ్డీపై మొదట ఒక లక్ష, తరువాత రెండు లక్షల రూపాయల వరకు ఋణము ఏర్పాటు చేయబడినవి. గ్రామములందలి అర్జీకి మొదటి పరిశీలన గ్రామపంచాయతీ స్థాయిలోనే జరుగవలెను. అర్జీదారుడు నిజముగ ఆ వృత్తి చేయువాడా అను ప్రశ్నకు మీ ఊరివారికంటె బాగుగ జవాబు చెప్పగలవారు లేరు. అక్కడ కాగితము కదలనిచో పై రెండు మెట్లును ఉన్నను లేనట్లే. అర్జీ పెట్టుట తెలియనివారు కూడ ఉందురు. సభ్యులే వారి గుడిసెకు పోయి అడుగవలసియుండును.

సంతలు, కుటీరపరిశ్రమలు రెండును 1993లో అమలునకు వచ్చిన 73వ రాజ్యాంగసవరణ వలన చేరిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన విషయములుగ చేర్చబడినవి. సంతవేలము పాడునపుడే చర్మకారుడు కూర్చుండు చోటికి ఆశీలు మినహాయింపు షరతుగ వ్రాయించుట చాలచోట్ల సులభమైన పని. ఆ చోటు చెట్టునీడన, నాలుగుప్రక్కల గాలి ఆడునట్లుగ ఉండవలెను. తోలు అంటించు రబ్బరు సొల్యూషను ఆవిరి మూసిన గదిలో తలత్రిప్పు కలిగించును, దినదినము పీల్చినచో నరములకు హాని చేయును. ఆ డబ్బాకు నిప్పు తగిలినను ప్రమాదమే గనుక, టీకొట్టు పొయ్యికి ప్రక్కన ఆ స్థలము చూపరాదు.