డాక్టర్ ఆఫ్ ఫార్మసీ

డాక్టర్ ఆఫ్ ఫార్మసీ అనునది ఫార్మసీ విద్యలో వృత్తిపరమైన డాక్టరేట్ పట్టా. దీనిని సంక్షిప్తంగా ఫార్మ్.డి. అని వ్యవహరిస్తారు. ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రూపొందించిన నిబంధనల ద్వారా 2008లో ఇది భారతదేశంలో ప్రవేశించినది. ఇంటర్మీడియట్ తరువాత ఆరు సంవత్సరాల కాలం పట్టే ఈ కోర్సులో మొదటి ఐదు సంవత్సరాలు చదువుకు, చివరి సంవత్సరం ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్‌కు కేటాయించబడినవి. రోగికి ఇచ్చే మందు తగినదేనా, మోతాదు సరిపోయినదా, ఇతర మందులతో దానికి వైరుధ్యం ఉన్నదా అని పరిశీలించగల నిపుణులను తయారుచేయుట ఈ కోర్సు ముఖ్యోద్దేశం.

వృత్తిపరమైన డాక్టరేట్ అనగా

డాక్టరేట్ అనగానే సాధారణంగా పిహెచ్.డి. గుర్తుకు వస్తుంది. పిహెచ్.డి. పరిశోధక పట్టా. అభ్యర్థి ఒక అంశంపై మౌలికమైన పరిశోధన జరిపి, సిద్ధాంత గ్రంథం సమర్పించి, దానిని పరీక్షకుల ముందు సమర్థించుకోవాలి. వృత్తిపరమైన డాక్టరేట్ ఇందుకు భిన్నమైనది. ఒక వృత్తిని స్వతంత్రంగా, బాధ్యతతో నిర్వహించుటకు కావలసిన జ్ఞానమూ అనుభవమూ అభ్యర్థికి ఉన్నవని ఆ పట్టా ధ్రువీకరిస్తుంది. కనుక ఇందులో నిర్ణీత పాఠ్యాంశాలు, వార్షిక పరీక్షలు, పర్యవేక్షణలో జరిగే శిక్షణ ప్రధానమైనవి. పరిశోధనకు కూడా చోటు ఉన్నది కాని అది పాఠ్యక్రమంలో ఒక భాగం మాత్రమే.

నేపథ్యం

భారతదేశంలో ఫార్మసీ విద్యను, వృత్తిని 1948 నాటి ఫార్మసీ చట్టం నియంత్రిస్తున్నది. రెండు సంవత్సరాల డి.ఫార్మసీ, నాలుగు సంవత్సరాల బి.ఫార్మసీ కోర్సులు చాలాకాలంగా ఉన్నప్పటికీ, వాటిలో మందుల తయారీ, విశ్లేషణ, పంపిణీలకే ప్రాధాన్యం ఉండేది. ఆసుపత్రి వార్డులో రోగి దగ్గరకు వెళ్ళి మందుల వాడకాన్ని పరిశీలించే శిక్షణ తక్కువ. అమెరికాలో సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 1950లోనే ఫార్మ్.డి. కోర్సును ప్రారంభించినది. అనంతర కాలంలో ఆ దేశంలో ఫార్మసిస్టు వృత్తిలో ప్రవేశించుటకు ఇదే ప్రాథమిక పట్టా అయినది. రోగిని కేంద్రంగా చేసుకొన్న ఇటువంటి చదువును అందించే ఉద్దేశంతో ఫార్మసీ కౌన్సిల్ 2008లో ఫార్మ్.డి. నిబంధనలను వెలువరించినది.

ప్రవేశ అర్హతలు

అభ్యర్థి ఇంటర్మీడియట్ లేక తత్సమానమైన పరీక్షలో భౌతిక, రసాయన శాస్త్రాలతో పాటు గణితం గాని జీవశాస్త్రం గాని చదివి ఉత్తీర్ణుడై ఉండాలి. అనగా ఎం.పి.సి., బై.పి.సి. విద్యార్థులు ఇరువురూ అర్హులే. గుర్తింపు పొందిన సంస్థలో డి.ఫార్మసీ పూర్తిచేసినవారు కూడా చేరవచ్చును. ప్రవేశం పొందే సంవత్సరం డిసెంబరు 31 నాటికి 17 సంవత్సరాలు నిండి ఉండాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో కన్వీనరు కోటా సీట్లను ఈఏపీసెట్ ర్యాంకుల ఆధారంగా భర్తీ చేస్తారు.

బి.ఫార్మసీ పట్టభద్రుల కొరకు పోస్ట్ బాకలారియేట్ అనే మరొక మార్గం ఉన్నది. వీరికి రెండు సంవత్సరాల చదువు, ఒక సంవత్సరం ఇంటర్న్‌షిప్ కలిపి కోర్సు మూడు సంవత్సరాలలో ముగుస్తుంది. 2008 నిబంధనలు ఒక్కొక్క కళాశాలకు ఫార్మ్.డి.లో 30, పోస్ట్ బాకలారియేట్‌లో 10 సీట్లను నిర్ణయించాయి.

పాఠ్యక్రమం

* మొదటి సంవత్సరం: శరీర నిర్మాణ, శరీరధర్మ శాస్త్రాలు, ఫార్మాస్యూటిక్స్, జీవరసాయన శాస్త్రం, కర్బన, అకర్బన రసాయన శాస్త్రాలు. వీటితో పాటు ఎం.పి.సి. విద్యార్థులు జీవశాస్త్రం, బై.పి.సి. విద్యార్థులు గణితం చదవాలి.
* రెండవ సంవత్సరం: వ్యాధుల వలన శరీరంలో కలిగే మార్పులు, సూక్ష్మజీవశాస్త్రం, ఔషధ మొక్కల శాస్త్రం, ఫార్మకాలజీ, కమ్యూనిటీ ఫార్మసీ, ఫార్మకోథెరప్యూటిక్స్.
* మూడవ సంవత్సరం: ఫార్మకాలజీ, ఫార్మకోథెరప్యూటిక్స్ రెండవ భాగాలు, ఔషధ విశ్లేషణ, ఔషధ చట్టాలు, ఔషధ రసాయన శాస్త్రం, మందుల తయారీ.
* నాలుగవ సంవత్సరం: ఫార్మకోథెరప్యూటిక్స్ మూడవ భాగం, హాస్పిటల్ ఫార్మసీ, క్లినికల్ ఫార్మసీ, గణాంక శాస్త్రం మరియు పరిశోధనా పద్ధతులు, ఫార్మకోకైనెటిక్స్, విషప్రభావ శాస్త్రం.
* ఐదవ సంవత్సరం: క్లినికల్ పరిశోధన, ఫార్మకోఎపిడెమియాలజీ మరియు ఫార్మకోఎకనమిక్స్, రక్తంలో మందు స్థాయిల పర్యవేక్షణ, క్లర్క్‌షిప్, ఆరు నెలల ప్రాజెక్టు.

వీటిలో మూడు సంవత్సరాల పాటు సాగే ఫార్మకోథెరప్యూటిక్స్ ఈ కోర్సుకు వెన్నెముక వంటిది. ఏ వ్యాధికి ఏ మందు, ఎందుకు, ఎంతకాలం అన్న ప్రశ్నలకు ఇందులో సమాధానాలు లభిస్తాయి.

ఆసుపత్రి శిక్షణ

నిబంధనల ప్రకారం రెండు, మూడు, నాలుగు సంవత్సరాలలో విద్యార్థి ఏటా కనీసం 50 గంటలు ఆసుపత్రిలో గడిపి, పర్యవేక్షకుడు ధ్రువీకరించిన నివేదికను సమర్పించాలి. ఐదవ సంవత్సరంలో ప్రతిదినం ఉదయం సగం పూట వార్డు రౌండ్లలో పాల్గొనాలి. తరగతులను మధ్యాహ్నం నిర్వహించవచ్చును.

వార్డులో విద్యార్థి రోగి కేస్ షీటును చదివి, వాడుతున్న మందులన్నిటినీ పరిశీలిస్తాడు. ఉదాహరణకు, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడుతున్న రోగికి క్షయ సోకి రిఫాంపిసిన్ మొదలుపెట్టినచో వార్ఫరిన్ ప్రభావం తగ్గిపోతుంది. అదే రోగి నొప్పుల కొరకు ఆస్పిరిన్ వంటి మాత్రలు వేసుకొన్నచో రక్తస్రావం జరిగే ప్రమాదం పెరుగుతుంది. ఇటువంటి వైరుధ్యాలను గుర్తించి వైద్యునికి తెలియజేయుట, మూత్రపిండాల పనితీరు తగ్గినవారికి మోతాదు మార్చవలసి ఉన్నదేమో లెక్కించుట, దుష్ప్రభావాలను నమోదు చేయుట ఈ శిక్షణలో భాగాలు. దుష్ప్రభావాల సమాచారాన్ని 2010లో ప్రారంభమైన జాతీయ ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమానికి పంపుతారు.

రోగికి మందుల వాడకాన్ని వివరించుట మరొక ముఖ్య విధి. పాఠ్యపుస్తకాలు ఆంగ్లంలో ఉన్నప్పటికీ, ఇన్సులిన్ ఎక్కడ ఎలా పొడుచుకోవాలో, ఇన్‌హేలరు పీల్చిన తరువాత ఊపిరి ఎంతసేపు బిగపట్టాలో తెలుగునాట రోగికి తెలుగులోనే చెప్పవలసి ఉంటుంది.

ప్రాజెక్టు

ఇద్దరి నుండి నలుగురు విద్యార్థులు ఒక జట్టుగా, అధ్యాపకుని మార్గదర్శకత్వంలో ఆరు నెలల పాటు ప్రాజెక్టు చేయాలి. అంశం రోగులకు, వారి చికిత్సకు సంబంధించినదై ఉండాలి. సంస్థాగత నైతిక కమిటీ ఆమోదం తప్పనిసరి. ప్రారంభంలో, మధ్యలో, చివరన ఒక్కొక్కటి చొప్పున కనీసం మూడు సెమినార్లు ఇవ్వాలి.

ఇంటర్న్‌షిప్

ఆరవ సంవత్సరంలో విద్యార్థి తనకు కేటాయించిన వార్డులలో క్లినికల్ ఫార్మసీ సేవలను స్వతంత్రంగా నిర్వహించాలి. ఆరు నెలలు జనరల్ మెడిసిన్ విభాగంలోను, మిగిలిన ఆరు నెలలు మరి మూడు ప్రత్యేక విభాగాలలో రెండేసి నెలల చొప్పున పనిచేయాలి. పని సంతృప్తికరంగా లేనిచో ఇంటర్న్‌షిప్ పూర్తి అయినట్లు పరిగణించరు.

పరీక్షలు, హాజరు

ప్రతి విద్యా సంవత్సరంలో కనీసం 200 పనిదినాలు ఉండాలి. విద్యార్థికి 80 శాతం హాజరు అవసరం. థియరీ, ప్రాక్టికల్ పరీక్షలలో సెషనల్ మార్కులతో కలిపి విడివిడిగా 50 శాతం సాధించినవారే ఉత్తీర్ణులు. రెండు కంటే ఎక్కువ సబ్జెక్టులలో తప్పినవారు పై సంవత్సరానికి అర్హులు కారు.

కళాశాల గుర్తింపు

ఫార్మ్.డి. నడుపుటకు కళాశాలలో గుర్తింపు పొందిన బి.ఫార్మసీ కోర్సు ఉండాలి. దానితో పాటు కనీసం 300 పడకల ఆసుపత్రి ఉండాలి, లేదా అంతటి ఆసుపత్రితో స్పష్టమైన ఒప్పందం ఉండాలి. జనరల్ మెడిసిన్ విభాగం తప్పనిసరి. ఈ నియమం విద్యార్థి దృష్టిలో అత్యంత కీలకమైనది. వార్డులోకి ప్రవేశం, నేర్పే పర్యవేక్షకుడు లేని చోట ఐదు, ఆరు సంవత్సరాల చదువు కాగితానికే పరిమితమవుతుంది. కళాశాలకు ఫార్మసీ చట్టం 12వ సెక్షను క్రింద గుర్తింపు లేనిచో, అక్కడ పొందిన పట్టా ఫార్మసిస్టుగా నమోదుకు పనికిరాదు. కనుక చేరుటకు ముందే గుర్తింపును, ఆసుపత్రి ఒప్పందాన్ని పరిశీలించుట అవసరం.

పట్టా పరిధి

ఫార్మ్.డి. పూర్తిచేసినవారు రాష్ట్ర ఫార్మసీ కౌన్సిల్‌లో ఫార్మసిస్టుగా నమోదు చేసుకోవచ్చును. ఆసుపత్రులు, క్లినికల్ పరిశోధన, ఔషధ భద్రత, బోధన రంగాలలో వీరికి అవకాశాలు ఉన్నవి. ఆసక్తి ఉన్నవారు పిహెచ్.డి. చేయవచ్చును. 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనలకు 2021లో చేసిన సవరణ క్లినికల్ ఫార్మసిస్టు హోదాను చేర్చినది.

అయితే ఇది వైద్య పట్టా కాదు. రోగ నిర్ధారణ చేసి, స్వతంత్రంగా మందులు వ్రాసే అధికారం దీని వలన లభించదు. పట్టా పేరులో డాక్టర్ అనే పదం ఉండుట చేత ఈ విషయమై తరచు అపోహలు కలుగుతున్నవి.

విదేశాలలో గుర్తింపు

భారతీయ ఫార్మ్.డి. పొందిన మాత్రాన అమెరికాలో వృత్తి చేయుటకు వీలు లేదు. విదేశీ పట్టభద్రులు ముందుగా ఎఫ్.పి.జి.ఇ.ఇ. అనే సమానార్హత పరీక్షలోను, ఆంగ్ల భాషా పరీక్షలోను ఉత్తీర్ణులు కావాలి. ఆ తరువాత ఆయా రాష్ట్రాల లైసెన్సు నిబంధనలను, నాప్లెక్స్ పరీక్షను పూర్తిచేయాలి. 2003 జనవరి 1 నుండి పట్టా పొందినవారికి ఎఫ్.పి.జి.ఇ.ఇ. కొరకు కనీసం ఐదు సంవత్సరాల ఫార్మసీ చదువు అవసరమైనది. దీనితో నాలుగు సంవత్సరాల బి.ఫార్మసీ మాత్రమే చదివినవారికి ఆ దారి మూసుకుపోయినది. అమెరికా వెళ్ళదలచిన తెలుగు విద్యార్థులలో ఫార్మ్.డి. పట్ల ఆసక్తి కలుగుటకు ఇదొక కారణం.